తీర్పు ముందు మన ఇంట్లోనే

"క్రైస్తవ్యం మతం కాదు, మార్గం." క్రైస్తవ సభలకు వెళ్లేవారెవరికీ ఈ మాట కొత్త కాదు. ప్రసంగీకులు గొంతెత్తి పలుకుతారు, కరపత్రాలు పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తాయి. మార్గం అనే చోట కొందరు "దేవునితో సంబంధం" అంటారు. ఎలా చెప్పినా సారం ఒక్కటే. మతాలన్నీ మనిషి దేవుణ్ణి వెతుక్కుంటూ కట్టుకున్నవి, మా విషయంలో మాత్రం దేవుడే మనిషిని వెతుక్కుంటూ వచ్చాడు, కాబట్టి మతం మీద ఎవరు ఏ విమర్శ చేసినా అది మాకు తగలదు.

నేను విశ్వాసిని. దేవుడే ముందుగా మనిషిని వెతుక్కుంటూ వచ్చాడన్న మాటను మనసారా నమ్ముతాను. నా అభ్యంతరమంతా ఆ "కాబట్టి" దగ్గరే. మతాన్ని నిలదీయడం క్రైస్తవ దైవశాస్త్రానికి పుట్టుకతో వచ్చిన గుణం, దానికున్న గొప్ప సంపదల్లో ఒకటి. అయితే ఆ విమర్శ పుట్టింది సొంతవారిని నిలదీయడానికి. దాన్ని పొరుగువాడి మీదికి తిప్పిన క్షణంలోనే అది చెడిపోతుంది, తాను ఖండిస్తున్న మతంగా తానే మారిపోతుంది. ఎన్నో విశ్వాసాలవారూ ఏ విశ్వాసమూ లేనివారూ పక్కపక్కన బతుకుతున్న ఈ లోకంలో, లౌకిక రాజ్యాల నీడలో, ఆ తేడా తెలియని క్రైస్తవ సంఘం తనకూ ఇతరులకూ కీడే చేస్తుంది.

బైబిలు ప్రవక్త ఆమోసు దగ్గర మొదలుపెడతాను. క్రీ.పూ. 8వ శతాబ్దం. రెండో యరొబాము పాలనలో ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యం సిరిసంపదలతో తులతూగుతోంది. బేతేలులో ఆరాధన ఘనంగా సాగుతోంది. దక్షిణాన తెకోవ నుంచి వచ్చిన ఈ పశువుల కాపరి నోరు విప్పి మొదట దమస్కును దుయ్యబట్టాడు. ఆ తర్వాత గాజాను, తూరును, ఎదోమును, అమ్మోనును, మోయాబును. వింటున్నవారి ముఖాలు ఎంతగా వెలిగిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. అన్నీ పగవారి దేశాలే. తర్వాత యూదా పేరు వచ్చింది. అది దాయాదుల రాజ్యం, ఆ తిట్లూ వినసొంపుగానే ఉంటాయి. ఇలా చుట్టూ తిరిగి వచ్చి చివరకు "ఇశ్రాయేలు" అన్నాడు. నీతిమంతుణ్ణి వెండికి, బీదవాణ్ణి చెప్పుల జతకు అమ్ముకునేది మీరే అన్నాడు. మీ పండుగలంటే నాకు అసహ్యం, మీ పాటల రొద నా దగ్గర నుంచి తీసేయండి, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అని దేవుడు పలికింది ఈ పుస్తకంలోనే. పలికింది కూడా ఆ దేవుణ్ణే ఆరాధిస్తున్న జనంతో.

పొరుగు దేశాల మీద ఆమోసు మోపిన నేరాలను జాగ్రత్తగా చదవండి. వాటిలో వారి దేవతల ఊసు లేదు, పూజల ఊసు లేదు. దమస్కు గిలాదువారిని ఇనుప పనిముట్లతో నూర్చింది. గాజా ఊళ్లకు ఊళ్లను చెరపట్టి అమ్మింది. అమ్మోనీయులు సరిహద్దులు పెంచుకోవడానికి గర్భిణుల కడుపులు చీల్చారు. మోయాబు ఎదోము రాజు ఎముకలను కాల్చింది. ఈ చివరి నేరంలో బాధితుడు ఇశ్రాయేలీయుడు కూడా కాదు. పొరుగువారి విషయంలో ప్రవక్త అడిగింది మనుషుల మీద సాగిన క్రూరత్వాన్ని గురించే. ఆరాధన లెక్కలు అడిగింది ఇంటివారిని. పుస్తకం చివర్లో ఇంకా ముందుకు వెళ్లాడు. మీరు నాకు ఆఫ్రికాలోని కూషీయుల్లాంటివారు కారా? మిమ్మల్ని ఐగుప్తు నుంచి రప్పించినట్టే ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, అరామీయులను కీరు నుంచి రప్పించింది నేను కాదా? ఇది దేవుడు అడుగుతున్న ప్రశ్న. విమోచన కథ తమ ఒక్కరి సొత్తని నమ్మిన జాతికి, మీ శత్రువులకూ నాతో అలాంటి కథ ఉందని చెప్పడం ఇది. బేతేలు యాజకుడు అమజ్యా అతణ్ణి ఎందుకు తరిమేశాడో అర్థమవుతుంది. ఆ యాజకుడు చెప్పిన కారణం కూడా గమనించదగ్గదే. ఇక్కడ ప్రవచించకు, ఇది రాజు ప్రతిష్ఠించిన స్థలం అన్నాడు. దేవుని స్థలం అని అనలేదు.

ప్రవక్తలు మాట్లాడింది ఇంటి మనుషులుగా, ఇంటివారితో. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుల వర్గమైన పరిసయ్యులతో యేసు చేసిన వాదాలు కూడా ఒక యూదుడు తోటి యూదులతో చేసినవే. తర్వాతి తరాల్లో సంఘం అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, నిండిపోయాక ఆ మాటలనే ఏరుకుని యూదుల మీద రాళ్లుగా విసిరింది. ఒక్క అక్షరమూ మారలేదు. పలికే నోరు మారింది, నిలబడిన చోటు మారింది, దాంతో ఆత్మవిమర్శ కాస్తా నేరారోపణ అయింది. కృప అంటే ఏమిటో తన కాలానికి మళ్లీ నేర్పిన మార్టిన్ లూథర్ 1543లో యూదుల ప్రార్థన మందిరాలను తగలబెట్టాలని రాశాడు. పాపక్షమాపణ పత్రాల వ్యాపారాన్ని ఎదిరించినప్పుడు ఆయన తన సంఘాన్ని కడిగిన మనిషి. అదే వేడితో పక్క ఇంటి మీదికి తిరిగినప్పుడు రాసిన మాటలు నాలుగు వందల ఏళ్ల తర్వాత నాజీల చేతికి అందివచ్చాయి. అందుకే పరిసయ్యుడి పేరును తిట్టుగా వాడే ప్రసంగం వింటే నాకు భయం వేస్తుంది. మిగతా మనుషుల్లా లేనందుకు నీకు కృతజ్ఞతలు అని యేసు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుడు చేసిన ప్రార్థనకూ, మాది మిగతా మతాల్లాంటిది కాదు అనే మన ప్రకటనకూ మధ్య దూరమెంత?

20వ శతాబ్దంలో ఈ విమర్శకు మళ్లీ పదును పెట్టినవాడు దైవశాస్త్రవేత్త కార్ల్ బార్త్. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన స్విట్జర్లాండ్‌లో సఫెన్‌విల్ అనే చిన్న పారిశ్రామిక గ్రామంలో సంఘ కాపరి (పాస్టరు). 1914 అక్టోబరులో జర్మనీలోని 93 మంది మేధావులు తమ దేశపు యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన చేశారు. సంతకాలు చేసినవారిలో ఆడాల్ఫ్ ఫాన్ హార్నాక్, విల్హెల్మ్ హెర్మన్ ఉన్నారు. ఇద్దరూ బార్త్‌కు పాఠాలు చెప్పిన గురువులు. ఆ దేశపు సైనికుల నడుము పట్టీల మీద "దేవుడు మనతో ఉన్నాడు" అని చెక్కి ఉండేది. అంతటి పాండిత్యం, అంతటి భక్తి, అంతటి సంస్కారం, అన్నీ కలిసి ఫిరంగుల వెనక వరసలో నిలబడ్డాయి. దేవుని పేరు పెట్టి ఒక జాతి తన్ను తానే పూజించుకుంటుంటే ఆ గురువుల దైవశాస్త్రానికి అడ్డం చెప్పే శక్తి లేకపోయింది. బైబిల్లోని రోమా పత్రికపై (పౌలు రోమీయులకు రాసిన లేఖపై) రాసి, 1922లో తిరగరాసిన తన వ్యాఖ్యానంలో బార్త్ ఈ మతాన్నే చీల్చి చెండాడాడు. దేవుడంటే మనిషి తన గుణాలకే ఇచ్చుకున్న పెద్ద రూపమని 1841లో జర్మన్ తత్వవేత్త లుడ్విగ్ ఫాయర్‌బాఖ్ అన్నప్పుడు సంఘం ఆగ్రహించింది. బార్త్ ఆగ్రహించలేదు. మనిషి కట్టుకున్న మతం విషయంలో ఆ నాస్తికుడు నిజమే చెప్పాడని ఒప్పుకున్నాడు.

తన బృహద్గ్రంథం "చర్చ్ డాగ్మాటిక్స్"లో 1938లో వెలువడిన సంపుటంలో బార్త్ "మతం అవిశ్వాసం" అని రాశాడు. ఆయన పేరు ఎత్తేవారు చాలామంది ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతారు, దాన్ని ఇతర మతాల మీద ముద్రలా గుద్దేస్తారు. ఆయన అక్కడ ఆగలేదు. ఈ తీర్పు తగిలేది అందరికంటే ముందు మనకే, క్రైస్తవ మతాన్ని అనుసరించే మనకే అన్నాడు. క్రైస్తవ్యం మతం కాదని ఆయన ఎన్నడూ తప్పించుకోలేదు. అది మతమే, మతంగా దోషే, పాపి నీతిమంతుడిగా తీర్చబడినట్టు కృప చేత మాత్రమే సత్యమవుతుంది అన్నాడు. క్షమాభిక్ష పొందిన దోషి తోటి ఖైదీల ముందు తాను నిర్దోషినని గొప్పలు చెప్పుకోవడం ఎలా కుదురుతుంది? పైగా అదే భాగంలో ఆయన జపాన్ బౌద్ధ గురువు షిన్‌రాన్ బోధ గురించి పుటల కొద్దీ చర్చించాడు. 13వ శతాబ్దంలో షిన్‌రాన్ చెప్పింది సూటిగా కృప గురించే. మనిషి తన సాధన చేత విముక్తి పొందలేడు, అమిత బుద్ధుడి సంకల్పం మీద ఆధారపడడమే దారి, మంచివాడే విముక్తి పొందగలిగితే చెడ్డవాడి సంగతి చెప్పాలా! కృప అన్న భావన తమ ఒక్కరికే ఉందని క్రైస్తవులు గర్వించడానికి వీల్లేదని, తేడా అంతా యేసు క్రీస్తు అనే పేరులోనే ఉందని బార్త్ తేల్చాడు. ఆ పేరును నేనూ నమ్ముకున్నాను. కానీ ఆ పేరు నాకు ఆస్తి కాదు.

బార్త్ ఈ మాటలకు వెల చెల్లించాడు. హిట్లర్‌ను రక్షకుడిలా మోసిన "జర్మన్ క్రైస్తవులు" సంఘాన్ని ఆక్రమిస్తుంటే, 1934 మే నెలాఖరున జర్మనీలోని బార్మెన్‌లో సమావేశమైన సంఘాలు చేసిన ప్రకటనకు ముఖ్య రచయిత ఆయనే. హిట్లర్‌కు షరతుల్లేని ప్రమాణం చేయనన్నందుకు మరుసటి ఏడాది బాన్‌లో ఆచార్య పదవి పోయింది. ఇంత సాహసంలోనూ ఒక ఖాళీ ఉంది. బార్మెన్ ప్రకటనలో యూదుల ప్రస్తావన లేదు. 1967లో ఒక లేఖలో, అప్పట్లో యూదుల విషయాన్ని కేంద్రంగా నిలపకపోవడం తన దోషమేనని బార్త్ ఒప్పుకున్నాడు. సంఘాన్ని కాపాడడానికి పట్టిన కత్తి పొరుగువాడి ప్రాణం దాకా అందలేదు.

ఇంకొక లోటూ ఉంది. సిలోనుకు చెందిన దైవశాస్త్రవేత్త డి.టి. నైల్స్ 1935లో బార్త్‌ను కలిసినప్పుడు, మీరు ఎంతమంది హిందువులను కలిశారని అడిగాడట. ఎవరినీ కలవలేదన్నాడు బార్త్. మరి హిందూ మతం అవిశ్వాసమని ఎలా తెలుసంటే, అనుభవంతో పనిలేకుండా ముందే తెలుసన్నాడు. నైల్స్ స్వయంగా చెప్పిన సంగతి ఇది. సిద్ధాంతపరంగా ఆ జవాబుకు అర్థముంది. మతాలను పోల్చి మార్కులు వేయడం ఆయన ఉద్దేశం కాదు, దేవుని ఎదుట ఏ మతమూ నిలవదన్నదే ఆయన వాదం. అయినా ఆ జవాబు నాకు మింగుడుపడదు. కలవని మనిషి గురించి చెప్పే మాట, ఎంత పవిత్రమైన సూత్రం నుంచి వచ్చినా, ఆ మనిషికి అన్యాయం చేస్తుంది.

అన్యాయం ఎలా జరుగుతుందో 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో బయటపడింది. ప్రపంచ మిషనరీ మహాసభకు ముందు డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన పెద్ద గ్రంథం చర్చకు వచ్చింది. దేవుని ప్రత్యక్షతకూ, అంటే దేవుడు తన్ను తాను వెల్లడించుకోవడానికీ, మతాలకూ మధ్య వంతెన లేదన్నది ఆయన వాదం. చరిత్రలో ఉన్న క్రైస్తవ్యం కూడా ఆ తీర్పు కిందే ఉందని ఆయనా రాశాడు. దానికి జవాబుగా అదే ఏడాది మద్రాసు నుంచి కొందరు భారతీయ క్రైస్తవులు ఒక సంకలనం తెచ్చారు. అందులో ముఖ్యుడు పాండిపెద్ది చెంచయ్య, నెల్లూరులో పుట్టిన తెలుగువాడు, న్యాయవాది, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. హైందవం తనను పెంచిన ఆధ్యాత్మిక మాతృమూర్తి అని, ఆధ్యాత్మిక మహత్తును గుర్తుపట్టడం నేర్పింది అదేనని, క్రీస్తు విలువ తెలిసింది దాని వల్లనేనని నేటి విశ్వాసి భావిస్తున్నాడని ఆయన వాదించాడు. క్రేమర్ తీర్పు కాగితం మీద అన్ని మతాలకూ సమానమే. ఆ సభలో మాత్రం సమానం కాదు. పుట్టిన విశ్వాసాన్నంతా చీకటిగా లెక్కగట్టి వదులుకోవాల్సినవాడు ఒకడు, తన దేశపు సంఘాన్నీ సంస్కృతినీ యథాతథంగా ఉంచుకుని తీర్పును తలూపి ఒప్పుకుంటే చాలినవాడు మరొకడు. ఒకడికి అది బతుకు కోత, మరొకడికి ఒక పేరా. చెంచయ్య పట్టుకున్నది ఈ అసమానతనే అని నేను అనుకుంటాను. చెంచయ్య చెప్పినవన్నీ నాకు సమ్మతం కాదు, సంస్థాగత సంఘాన్ని ఆయన మరీ తేలిగ్గా తీసుకున్నాడు. అయినా ఆ గదిలో కత్తి ఎవరి చేతిలో ఉందో చూసింది ఆయనే.

కత్తి తిరగాల్సిన వైపు తిరిగితే ఎలా ఉంటుందో దక్షిణాఫ్రికా చూపింది. అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘ మహాసభ 1857లో, "కొందరి బలహీనత" కారణంగా నల్లవారు వేరుగా ఆరాధించుకోవచ్చని తీర్మానించింది. బలహీనత తెల్లవారిది, బయటికి పోవాల్సింది మాత్రం నల్లవారు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) దగ్గర ఇచ్చిన ఆ చిన్న వెసులుబాటు ముదిరి వేర్వేరు సంఘాలైంది, చివరకు దేశాన్నే చీల్చిన విధానానికి బైబిలు సమర్థన అయింది. నూట పాతికేళ్ల తర్వాత, 1982లో, రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ కూటమి వర్ణవివక్షకు దైవశాస్త్ర సమర్థన చేయడం అబద్ధబోధ అని ప్రకటించింది. అదే ఏడాది అక్కడి మిశ్రజాతి సంఘం బెల్హార్ విశ్వాస ప్రమాణాన్ని ముందుకు తెచ్చింది. 1985 నాటి కైరోస్ పత్రం రాజ్యాన్ని సమర్థించే దైవశాస్త్రాన్నే గాక, న్యాయం ఊసెత్తకుండా సమాధానపడమని బుజ్జగించే సంఘాల దైవశాస్త్రాన్ని కూడా తప్పుపట్టింది. ఆ పత్రం రాసినవారు వేరే మతాన్ని వేలెత్తి చూపలేదు. తమతో కలిసి మోకరించేవారిని నిలదీశారు.

ఇక లౌకిక లోకం సంగతి. హిట్లర్‌ను ఎదిరించి ఖైదైన జర్మన్ దైవశాస్త్రవేత్త డీట్రిష్ బాన్‌హోఫర్ బెర్లిన్‌లోని టెగెల్ జైలు నుంచి 1944 ఏప్రిల్ 30న స్నేహితుడికి రాసిన లేఖలో మతరహిత క్రైస్తవ్యం గురించి అడిగాడు. మనిషి జ్ఞానం ఆగిపోయిన చోట, బలం ఉడిగిన చోట దేవుణ్ణి ఖాళీ పూరించే సాధనంగా చొప్పించడం ఆయనకు నచ్చలేదు. ఎదిగిన లోకాన్ని మళ్లీ పసితనంలోకి నెట్టి, బలహీన క్షణం కోసం కాచుకుని, అప్పుడు దేవుడి పేరు చెప్పడం నీచమని ఆయన భావించాడు. మతపరులతో మాట్లాడేటప్పుడు దేవుని పేరెత్తడానికి సంకోచం కలుగుతుందని, మతం లేనివారి మధ్య అప్పుడప్పుడు ఆ పేరు సహజంగా పలకగలుగుతానని రాసుకున్నాడు. ఇతరుల కోసం బతికినప్పుడే సంఘం సంఘమవుతుందన్నాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్‌లో ఆయనను ఉరితీశారు. ఆయన ఆలోచన పూర్తికాలేదు, దాన్ని ఎవరికి నచ్చినట్టు వారు వాడుకున్నారు. నాకు అందులో అన్నిటికంటే విలువైనది లౌకిక లోకాన్ని శత్రువుగా చూడకపోవడం.

ఈ విషయంలో మన సంఘాలు చాలా వెనకబడి ఉన్నాయి. లౌకికత అంటే విశ్వాసం మీద దాడి అని బోధించడం అలవాటైపోయింది. జరిగింది చూడండి. పిల్లల మీద లైంగిక అకృత్యాలను చర్చి సంస్థలు దశాబ్దాల పాటు దాచిపెడితే, వాటిని వెలికి తీసింది పాత్రికేయులు, న్యాయస్థానాలు, ప్రభుత్వాలు నియమించిన విచారణ కమిషన్లు. 2002లో బోస్టన్‌లో ఒక దినపత్రిక, 2009లో ఐర్లండ్ విచారణ నివేదిక, 2013 నుంచి 2017 దాకా సాగిన ఆస్ట్రేలియా రాయల్ కమిషన్. యిర్మీయా దేవాలయ ద్వారంలో నిలబడి చేసిన పనిని ఈ మతేతర వ్యవస్థలు చేశాయి. యెహోవా ఆలయం, యెహోవా ఆలయం అని జపిస్తే సరిపోదు, మీరు దీన్ని దొంగల గుహ చేశారు అని ఆ ప్రవక్త అన్నది గుర్తుంది కదా. శత్రు సామ్రాజ్యమైన అష్షూరును తన చేతి కర్రగా, పారశీక రాజు కోరెషును తన అభిషిక్తుడిగా పిలిచిన దేవుణ్ణి యెషయాలో చదివేవారికి ఇందులో వింత ఉండకూడదు. బార్త్ కూడా 1959 నాటి సంపుటంలో సంఘపు గోడల బయట వినిపించే సత్యవాక్కుల గురించి రాశాడు. మనం బయటికి విసిరే విమర్శకు ఖర్చేమీ లేదు. బయటి నుంచి వచ్చే విమర్శను వినడంలోనే మన విశ్వాసం తేలుతుంది.

దీని తోక పట్టుకుని వచ్చే ఎత్తుగడ ఒకటుంది. నాస్తికుడు మతాన్ని విమర్శించగానే "మీదీ ఒక మతమే" అని ఎదురు తిరగడం. జాతి, సంపద, మార్కెట్టు దేవుళ్లుగా మారగలవన్నది నిజం, 1914 చెప్పింది అదే. కానీ ఆ నిజాన్ని అడిగిన ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి వాడితే అది వాదన అనిపించుకోదు, దాక్కోవడం అవుతుంది.

రెండు అభ్యంతరాలు న్యాయమైనవి. పొరుగు విశ్వాసం పేరిట ఒకరు నలిగిపోతుంటే మనం నోరు మూసుకోవాలా? ఆమోసు నోరు మూసుకోలేదు. అతను ఎత్తిచూపింది గాయాన్ని. ఏ మతం పేరిట జరిగినా హింసను హింస అనాలి. చట్టాన్ని ఆశ్రయించాలి. ఆ మతం లోపలే ఉండి దానిపై పోరాడుతున్నవారి వెనక నిలబడాలి, వారిని మన సభల్లో ఎర చూపే సాక్ష్యాలుగా వాడుకోకూడదు.

రెండోది, మరి సువార్త చెప్పవద్దా? చెప్పాలి. నేను చెబుతాను. అయితే సాక్షి నిలబడాల్సింది బోనులో. తాను చూసింది, విన్నది చెప్పి, ఎదురు ప్రశ్నలకు జవాబిచ్చి దిగిపోవాలి. మనం బోనులోంచి నడిచివెళ్లి న్యాయమూర్తి కుర్చీలో కూర్చుంటున్నాం, అవతలివాడి జీవితానికి తీర్పు రాస్తున్నాం. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో కొర్నేలి ఇంట పేతురు మాట్లాడిన తీరు వేరు. దేవుడు పక్షపాతి కాడని ఇప్పుడు నిజంగా గ్రహించానని మొదలుపెట్టాడు. నేర్పడానికి వెళ్లినవాడు ముందుగా తాను నేర్చుకున్నది చెప్పాడు. ఆ తర్వాతే, యేసు చేసినవాటికి మేము సాక్షులం అన్నాడు. ఆ రోమా సైనికాధికారి పాత జీవితాన్ని గానీ అతని జాతి దేవతలను గానీ ఒక్క మాట అనలేదు. తిరిగి యెరూషలేము వచ్చాక పేతురును నిలదీసింది సొంత సంఘమే. సున్నతి లేనివారి దగ్గరికి వెళ్లి వారితో ఎందుకు భోంచేశావని అడిగారు. కొత్త నిబంధనలో మతం మీద విచారణ జరిగింది ఆ గదిలో, విశ్వాసుల మధ్య, ఎవరితో కలిసి కూర్చోవచ్చన్న ప్రశ్న మీద. మన సంఘాల్లో అలాంటి విచారణ ఎప్పుడు పెడతాం? కానుకల లెక్క ఎవరికి అప్పజెబుతున్నారు, గాయపడిన బిడ్డ మాటను ఎవరు విన్నారు, స్త్రీలు మాట్లాడే చోటు ఏది, మన బల్ల దగ్గరికి రాలేక వెనుదిరిగినవారు ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు బహిరంగంగా చెప్పిన సంఘం ఏ విశ్వాసం వారి ఎదుటనైనా క్రీస్తు పేరు ఎత్తవచ్చు.